బ్యాటరీ మీద నామం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది మా తాతయ్య అనుమానం. ఆయన దాని తర్వాత లేచేవాడు. పాలాయన గేటు తీసిన చప్పుడు వినగానే, పాలల్లో నీళ్లు కనిపెట్టే గాజు గొట్టం ఒకటి పట్టుకొని వాకిట్లోకి వచ్చేవాడు. పాలు పలచగా ఉన్నరోజు సరే, ఎవరైనా కోప్పడతారు. చిక్కగా ఉన్నరోజు కూడా మా తాతయ్యకు మనసు కుదురుగా ఉండేది కాదు. "ఈ పొద్దు ఇంత చిక్కగా ఎందుకు పోసినాడు? వీనికి ఏం కావాల నా దగ్గర?" అని కాఫీ తాగినంతసేపూ ఆలోచించేవాడు.

పాపం, ఆయన బతుకు ఆయన్ను అలా తయారుచేసింది. ఉద్యోగమంతా సరుకుల గోదాములో గడిచింది. వచ్చే బస్తా తక్కువ తూగుతుంది, పోయే బస్తాకు చిల్లు ఉంటుంది అనే లెక్కతోనే ఆయన తల నెరిసింది. సాయంత్రం గోదాముకు తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, ముద్ర కొట్టి గానీ ఇంటికి వచ్చేవాడు కాదట. రిటైరయ్యాక గోదాము పోయింది కానీ ఆ ముద్ర కొట్టే అలవాటు చేతిలోనే ఉండిపోయింది. మా అవ్వ దీనికి నవ్వేది. "నన్ను గూడా తూకమేసి, తక్కువేం లేదని తేలినాకే తాళి కట్టినాడు మీ తాత" అని నాతో చెప్పేది.

చేతికొచ్చిన డబ్బుతో ఆయన ఒక పాత నల్లకారు కొన్నాడు. తిరుపతి కొండ దిగివచ్చిన యాత్రికులను తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం తిప్పి తీసుకొచ్చే టాక్సీ అది. తోలడానికి చంద్రగిరి దగ్గర పల్లె నుంచి ఒక డ్రైవరు వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. కారు కడిగేటప్పుడు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఒక్కసారి హారను కొట్టనిచ్చేవాడు. ఆ ఒక్కసారి కోసం నేను బడి నుంచి పరుగెత్తుకొచ్చేదాన్ని.

అప్పటి బ్యాటరీలు ఇప్పటిలా మూతలు బిగించినవి కావు. పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకోవాలి. మామ వారానికొకసారి బానెట్ ఎత్తి, బ్యాటరీ మూతలన్నీ విప్పి, లోపలి పలకలు నీళ్లలో మునిగాయో లేదో వంగి చూసేవాడు. తక్కువైన గదిలో సీసాలోంచి డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. పైన పొడిగుడ్డతో తుడిచి, తీగలు బిగించే టెర్మినళ్లకు వేజిలిన్ రాసేవాడు. ఇదంతా మా తాతయ్య పక్కనే నిలబడి చూసేవాడు. ఊరందరూ తనకు తెలియకుండా పాలల్లో నీళ్లు పోస్తుంటే, ఈ మనిషి తన కళ్లెదుటే బ్యాటరీలో నీళ్లు పోస్తున్నాడు. అది ఆయనకు ఎంతకీ మింగుడు పడలేదు.

ఆ పాత బ్యాటరీ ఒక ఎండాకాలంలో పూర్తిగా చచ్చింది. కొత్తది కొనడానికి మామ, తాతయ్య కలిసి బజారులోని బ్యాటరీ షాపుకు బయలుదేరితే, ఏడ్చి నేనూ వెంటపడ్డాను. షాపాయన రెండు బ్యాటరీలు తెచ్చి గట్టుమీద పెట్టాడు. తాతయ్య రెండింటినీ చెవులు పట్టి పైకెత్తి చూసి, బరువున్నదే మంచిదని తేల్చాడు. మామ మాత్రం చిన్నదే తీసుకుందాం అన్నాడు. పెద్దది కారులోని ఇనప తొట్టిలో సరిగ్గా కూర్చోదు, గుంతల్లో ఊగి ఊగి పగులుతుంది; పైగా దానిమీద కొట్టిన తయారీ నెల పాతది, చాన్నాళ్లుగా షాపులోనే కూర్చున్న సరుకు. చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. తాతయ్య తల కూడా ఊపాడు. అంతలో షాపాయన కాఫీ తెప్పించి, మొదటి గ్లాసు మా మామ చేతికి ఇచ్చాడు.

అంతే, అయిపోయింది. డబ్బిచ్చేవాడు పక్కనుండగా డ్రైవరుకు ముందు కాఫీ ఎందుకిచ్చాడు? వీళ్లిద్దరికీ లోపల ఏం నడుస్తోంది? కొన్నది చిన్న బ్యాటరీయే అయినా, ఇంటికి వచ్చేదారి పొడుగునా తాతయ్య దానికంటే బరువైనదాన్ని మోసుకొచ్చాడు. ఆ సాయంత్రమే ఎవరో ఆయన చెవిలో ఇంకొక మాట వేశారు. టాక్సీ స్టాండులో కొందరు డ్రైవర్లు ఓనరు కొన్న కొత్త బ్యాటరీ తీసేసి, పాతదానికి రంగువేసి పెడతారని. విన్నవాడు ఇంకొకడైతే నవ్వి ఊరుకునేవాడు. మా తాతయ్యకు అది అమృతం పోసినట్టయింది.

మర్నాడు స్నానం చేసి, పూజ ముగించి, తిరుమణి తడిపిన గిన్నె, తిరుచూర్ణం డబ్బీ పట్టుకొని ఆయన కారు షెడ్డులోకి వెళ్లాడు. మా ఇంట్లో మగవాళ్లు నుదుట పెట్టుకునే నామానికి వాడే తెల్లమట్టి, ఎర్రపొడి అవి. కొత్త బ్యాటరీ నెత్తిమీద ఈ టెర్మినల్ నుంచి ఆ టెర్మినల్ దాకా మందంగా, నిండుగా తిరునామం దిద్దాడు. చూసినవాళ్లకు భక్తి. ఆయన లెక్కలో అది లక్క ముద్ర. బ్యాటరీ మారిస్తే నామం గీతలు మారతాయి. తిరుపతిలో స్వామి నామం తుడిచే ధైర్యం ఏ దొంగకూ ఉండదు. ఇంతకంటే గట్టి తాళం ఏ కంపెనీ చేస్తుంది చెప్పండి!

"దీన్ని ఎవురూ ముట్టుకోగూడదు. తుడిస్తే కండ్లు పోతాయి" అని వాకిట్లో నిలబడి అందరికీ చెప్పాడు. చెప్పింది అందరికీ, చూసింది మామవైపు.

అప్పటినుంచి మామ గుడ్డ పక్కనపడింది. ఒకరోజు ఆగలేక, "పైన తడి ఉండగూడదంటారు సామీ. ఎందుకో నాకూ సరిగా తెల్దు, పని నేర్పించినాయన తుడవమనేవాడు" అన్నాడు.  తాతయ్య లోపలికి వచ్చి మా అవ్వతో, "సూసినావా, తుడిచేదానికి ఎంత తహతహలాడుతున్నాడో" అన్నాడు. ఎండకు నామం ఎండి పెచ్చులు రాలితే, ఎవరో గీకారని ఆయనకు అనుమానం. అందుకని రోజూ పొద్దున్నే మళ్లీ తడి చేసి, గీతలు సరిచేసి వచ్చేవాడు.

కొన్నాళ్లకు కారు మొండికేయడం మొదలుపెట్టింది. తాళంచెవి తిప్పితే ముసలివాడు దగ్గినట్టు రెండు దగ్గులు దగ్గి ఊరుకునేది. కాణిపాకానికని తలస్నానాలు చేసి వచ్చిన యాత్రికులు కొత్త పంచెలతో కారు తోయాల్సి వచ్చేది. తోయగా తోయగా బయలుదేరిన రోజులున్నాయి, తిట్టుకుంటూ వేరే కారెక్కి పోయిన రోజులున్నాయి. టెర్మినళ్ల చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోతోంది. మామ దాన్ని చూసి నామం వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

తాతయ్యకు మాత్రం అంతా తేటతెల్లమైపోయింది. నామం చెరగలేదు కాబట్టి బ్యాటరీ మార్చలేదు. అంటే చీకటిపడ్డాక కారును ఎక్కడికో తోలి, దాని బలమంతా లాగేస్తున్నాడు. షెడ్డుకు కొత్త తాళం పడింది. తాళంచెవి ఆయన మొలతాడుకు చేరింది. బానెట్‌కు అడ్డంగా కనిపించీ కనిపించని దారం ఒకటి కట్టాడు. బడి లేని రోజుల్లో నన్ను అరుగుమీద కూర్చోబెట్టి, మామ ఎక్కడికి పోతాడో, ఎవరితో మాట్లాడతాడో చూసి చెప్పమన్నాడు. నేను చూసేదాన్ని. మామ కారు కడిగేవాడు, చెట్టునీడన కూర్చునేవాడు, అన్నం తినేవాడు. అదే చెప్పేదాన్ని. ఏమీ కనబడకపోవడమే మా తాతయ్యకు అన్నిటికంటే పెద్ద రుజువైంది. "మన కండ్లకే కనపడకుండా చేస్తాండాడంటే ఎంత గట్టిపిండమో సూడు" అన్నాడు.

ఆ రోజుల్లోనే మామ నన్ను హారను కొట్టమనడం మానేశాడు. నేను అరుగుమీద ఎందుకు కూర్చున్నానో ఆయనకు తెలుసు.

ఒకరోజు తాతయ్య మా అవ్వతో తన నిర్ణయం చెప్పాడు. శుక్రవారం పోనిచ్చి డ్రైవరును మాన్పించేస్తాడు. ఊరికే మాన్పించడు. స్టాండుకు పోయి, ఇతగాడు బ్యాటరీ దొంగ అని నలుగురి ముందు చెప్పి మరీ వస్తాడు. అది విని మా అవ్వ ముఖంలో నవ్వు పోయింది. తిరుపతి టాక్సీ స్టాండులో ఒక డ్రైవరుకు ఆ పేరు పడిందంటే, ఇక ఈ చుట్టుపక్కల ఏ ఓనరూ అతని చేతికి తాళంచెవి ఇవ్వడు. పల్లెలో అతనికి పెళ్లాం, ఇద్దరు చంటిబిడ్డలు. వాళ్ల అన్నం ఆ తాళంచెవిలోనే ఉంది.

మా అవ్వకు కారు గురించి ఏమీ తెలియదు. కానీ ఆ వారంలోనే ఆమె షెడ్డులో ఎండుమిరపకాయల మూట తీసుకోబోయి, తాతయ్య గీతలు దిద్దడానికి బానెట్ ఎత్తి ఉంటే బ్యాటరీ మీద నామాన్ని చూసింది. అంచుల దగ్గర సన్నగా నురగ కనబడింది. సున్నం మీద చింతపులుసు పడితే పొంగుతుందే, అలా. పక్కన ఆనుకున్న చీర కొంగుకు ఆ రోజు చిన్న చిన్న కంతలు పడ్డాయి. ఇక్కడ ఏదో ఒకదాన్ని ఏదో తినేస్తోంది అని ఆమెకు అప్పుడే తోచిందట. ఆ మాట తాతయ్యతో మాత్రం అనలేదు.

దానికి బదులు ఆయన పక్షమే మాట్లాడింది. "మీరు చెప్పేది నిజమే. దొంగ అంత గట్టోడైతే షెడ్డు తాళం ఒక లెక్కా? బ్యాటరీనే తెచ్చి మీ గదిలో పెట్టుకోండి. తాళంచెవి మీ మొలలోనే ఉంటుంది. ఆ అబ్బిని ఒక వారం ఊరికి పొమ్మందాం. అప్పుడు యవ్వారమంతా బయటపడుతుంది" అంది. ఇన్నేళ్ల కాపురంలో భార్య నోట అంత తెలివైన మాట మా తాతయ్య ఎప్పుడూ విని ఉండడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

మామను ఊరికి పంపేశారు. ఎందుకని మామ అడగలేదు. తాతయ్య బ్యాటరీని షాపుకు తీసుకుపోయి, నిండా చార్జింగ్ అయ్యేదాకా బల్లమీద కూర్చొని కాపలా కాసి తెచ్చాడు. తన గదిలో చెక్కపలక మీద పెట్టాడు. నామం కొత్తగా దిద్దాడు. ఆ వారం మా అవ్వను కూడా చీపురుతో గది గడప దాటనివ్వలేదు. రోజూ పొద్దున్నే పూజ కాగానే ఆయన తిరుమణి గిన్నెతో లోపలికి పోయి, గీతలు తడిచేసి, మళ్లీ తాళం వేసుకొని వచ్చేవాడు.

వారం తిరిగాక షాపాయన వచ్చాడు. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు తెచ్చి టెర్మినళ్లకు ఆనించాడు. బల్బు నూనె అయిపోయిన దీపంలా ఎర్రగా మినుకుమని ఊరుకుంది.  మా అవ్వ గడప అవతల నిలబడి మెల్లగా అడిగింది.

"తాళం పగల్లేదు. నామం చెరగలేదు. ఆ అబ్బి ఊర్లోనే లేడు. ఈ గదిలో ఉండింది మీరూ, మీరు దిద్దిన స్వామీ. ఇద్దర్లో దొంగ ఎవరో మీరే చెప్పండి."

 అయినా అనుమానం అంత సులువుగా ఓడిపోతుందా? వెంటనే షాపాయన మీదికి దూకింది. పుచ్చు సరుకు అంటగట్టావని తాతయ్య గొంతు లేపాడు. షాపాయన ఏదో అనబోతుంటే మా అవ్వ చేత్తో ఆపింది. ఇంకొక వారం నాకివ్వండి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి అంది.

బ్యాటరీ మళ్లీ చార్జింగ్‌కు పోయి వచ్చింది. ఈసారి మా అవ్వ కొంగు దోపుకొని కూర్చుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపింది. గుడ్డ తడిపి నామం మీదికి చెయ్యి చాచింది. తాతయ్య "ఏయ్" అని అరిచాడు. నాకు భయంతో కళ్లు మూతలుపడ్డాయి. ఆమె ఆగలేదు. "కండ్లు పోతే నావి పోనీ. స్వామి నామం స్వామికి పెట్టాలి గానీ తాళాలకు కాదు" అంటూనే తెల్లమట్టి, ఎర్రపొడి, పేరుకున్న చిలుము అంతా మూతల్లోకి చుక్క పోకుండా తుడిచేసింది. పొడిగుడ్డతో ఆరబెట్టి, మామ చేసినట్టే వేజిలిన్ రాసింది. తాతయ్య కోపంతోనే తాళం వేసుకున్నాడు; ఆ వారం తిరుమణి గిన్నె మాత్రం లోపలికి పోలేదు.

ఆ రెండో వారం చివర షాపాయన బల్బు ఆనించగానే మా తాతయ్య తెల్లమీసాలు కూడా ఆ వెలుగులో కనిపించాయి. ఆ తడి మట్టి పైకి ఊరిన యాసిడ్ పీల్చుకొని, రెండు టెర్మినళ్ల మధ్య దారి వేసిందని, ఉన్న కరెంటు కొంచెం కొంచెంగా ఆ దారినే పోయిందని షాపాయన చెప్పాడు. తాతయ్య మంచం అంచున కూర్చున్నాడు. దొంగ కోసం వేసిన ముద్రే దొంగ అయి కూర్చుంది. ఆయన చాలాసేపు తన కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు. వాటికి ఇంకా పాత ఎర్రపొడి అంటుకొని ఉంది.

ముందే ఎందుకు చెప్పలేదని తర్వాత నేను అవ్వను అడిగాను. "చెప్పింటే, ఆ డ్రైవరు పక్షం ఎందుకు మాట్లాడతా ఉండావని నన్ను గూడా అనుమానించుండును మీ తాత. అనుమానమున్నోళ్లు ఒకరు చెప్తే నమ్మరు పాపా. వాళ్లు వేసిన తాళం వాళ్లకే తీసి చూపించాల" అంది.

మర్నాడు తాతయ్య నన్ను తోడు తీసుకొని బస్సులో చంద్రగిరి వెళ్లాడు. అక్కడినుంచి మామ పల్లెకు నడిచాం. ఇంటిముందు మామ చిన్నబిడ్డను భుజాన వేసుకొని ఉన్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా మంచం వాల్చాడు. మా తాతయ్యకు క్షమాపణ చెప్పే అలవాటు లేదు. బ్యాటరీ కథంతా గోదాము లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. చివరికి మొలలోంచి కారు తాళంచెవి తీసి, మంచంమీద మామ పక్కన పెట్టాడు. "తప్పు నాదేనప్పా. రేపట్నుంచి వచ్చేయ్" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేను వినడం అదే మొదటిసారి.

మామ తాళంచెవిని ముట్టుకోలేదు. అతనికి కోపం కూడా ఉన్నట్టు లేదు. నాకు అదే బాధగా అనిపించింది.

"బ్యాటరీ బాగైంది గదా సామీ, సంతోషం. నేను మాత్రం రాలేను. దొంగతనం నాకు తెల్దు. కానీ మీరు అట్ల చూస్తా చూస్తా ఉంటే, కారు ముట్టుకున్నప్పుడంతా నా చేతుల్ని నేనే చూసుకునేది అలవాటైపోయినాది. నిజంగానే ఏమన్నా చేస్తాండానా అని. ఆ చేతుల్తో నేను బండి తోల్లేను" అన్నాడు.

తాతయ్య తాళంచెవి తీసుకొని లేచాడు. బస్సులో తిరుపతి వచ్చాం. తాతయ్య టాక్సీ స్టాండు దగ్గర దిగి, అక్కడున్న డ్రైవర్ల దగ్గరికి తనంతట తాను పోయి, మా డ్రైవరంత మంచివాడు ఈ స్టాండులో లేడని, అతన్ని పోగొట్టుకుంది తానేనని చెప్పాడు. మామకు కొద్దిరోజుల్లోనే ఇంకొకరి కారు దొరికింది. మా నల్లకారును తాతయ్య ఆ ఏడాదే అమ్మేశాడు. మా వాకిట్లో హారను మళ్లీ మోగలేదు.

ఇప్పుడు నాకూ వయసు మీదపడింది, ఇంట్లో కారుంది. మొన్న బ్యాటరీ పోతే ఫోను చేశాం, ఒక అబ్బాయి కొత్తది తెచ్చి వాకిట్లోనే మార్చి పోయాడు. నీళ్లు పోసే పని లేని బ్యాటరీ అది. అతను బానెట్ ఎత్తినప్పుడు నా కాళ్లు వాటంతట అవే అటు నడవబోయాయి. తయారీ నెల చదివాను. ఇనప తొట్టిలో సరిగ్గా కూర్చుందా అని అడిగాను. అడగాల్సింది అడిగాక ఇంట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసుకున్నాను. ఎవరికి ఏ పని అప్పగించినా నేను చేసేది ఇదే. అనుమానం లేక కాదు, ఆ తాతయ్య మనవరాలినే కదా; లోపల కూర్చున్నంతసేపూ ప్రాణం కొట్టుకుంటూనే ఉంటుంది. ఇలా రెండు మూడుసార్లు మోసపోయాను కూడా. పోతే పోయింది, వస్తువే కదా. ఒక మనిషి తన చేతుల్ని తానే అనుమానించుకునేదాకా మాత్రం నేనెవరి పక్కనా నిలబడి చూడలేదు.